కూరలోకి బ్రెడ్: ఇంట్లోనే, మామూలు మైదాతో

బేకరీలో దొరికే మిల్క్ బ్రెడ్ చాయ్‌లోకి బ్రహ్మాండంగా ఉంటుంది. దాన్నే దాల్చాలోకో, మటన్ పాయాలోకో పెట్టుకుని చూడండి. ముక్క ముంచగానే కరిగి గిన్నెలోనే ఉండిపోతుంది. నోటిదాకా వచ్చిన కాస్త కూడా తియ్యగా తగిలి కూర రుచిని చెడగొడుతుంది. భోజనంలోకి కావాల్సిన బ్రెడ్ వేరు. పైన కాస్త గట్టి పొర, లోపల సాగే గుణం, చక్కెర దాదాపు లేకపోవడం, ఉప్పు సరిగ్గా పడటం: ఈ నాలుగూ ఉంటే చాలు, పులుసు ఎంత పల్చగా ఉన్నా ముక్క తట్టుకుంటుంది.

హైదరాబాద్ పాతబస్తీ వాళ్లకి ఇది కొత్త విషయం కాదు. నిహారీ, మరగ్ లాంటి మాంసం పులుసుల్లోకి అక్కడ ఎవరూ స్లైస్ బ్రెడ్ పెట్టుకోరు. పురానీ హవేలీ దగ్గర 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణం పేరు తెచ్చిన చార్‌కోనీ (నాలుగు మూలల) నాన్ లాంటిదే తెచ్చుకుంటారు. ఆ తందూర్ వేడి మన వంటింట్లో రాదు, దానికోసం ఆరాటపడక్కర్లేదు కూడా. ఓటీజీలోనో (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్), మందపాటి గిన్నెలోనో అదే పని చేసిపెట్టే గుండ్రటి బ్రెడ్ ఎలా చేయాలో చూద్దాం. చేత్తో చేసే పని మొత్తం అరగంటే. మిగతా టైమంతా పిండి తన పని తాను చేసుకుంటుంది.

సరుకులు

నలుగురికి ఒక పూటకి సరిపోయేలా, రెండు చిన్న బ్రెడ్‌లకి కొలత ఇది:

మైదా 400 గ్రాములు
గోధుమపిండి 100 గ్రాములు
నీళ్లు 320 మి.లీ.
ఉప్పు 10 గ్రాములు
ఇన్‌స్టంట్ ఈస్ట్ 4 గ్రాములు (టీస్పూన్, పైన ఇంకో పావు)
చక్కెర 1 టీస్పూన్
నూనె 1 టేబుల్‌స్పూన్

కప్పులతో కొలవద్దు. అదే కప్పులో మైదా ఒకసారి 120 గ్రాములు పడుతుంది, నొక్కి పోస్తే 150 కూడా పడుతుంది. ఆ తేడాతోనే ఒకసారి దూదిలా, ఇంకోసారి ఇటుకలా వస్తుంది. చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి. బేకింగ్ సామాను కోసం బేగంబజార్ దాకా వెళ్తే కాటా, ట్రేలు, బేకింగ్ పేపర్ అన్నీ ఒకే వీధిలో చూసుకోవచ్చు.

పెద్ద బేకరీలు కూడా ఇదే పద్ధతిలో లెక్క వేసుకుంటాయి: పిండి బరువుని వంద అనుకుని, మిగతావన్నీ అందులో శాతంగా చూస్తాయి. పై కొలతలో ఉప్పు 2 శాతం, నీళ్లు 64 శాతం. ఈ రెండు అంకెలు గుర్తుంటే కిలో పిండికైనా, పావుకిలోకైనా కాగితం చూడక్కర్లేదు.

మైదా ఎంచుకునే ముందు

ప్యాకెట్ వెనక్కి తిప్పి, 100 గ్రాములకి ప్రొటీన్ ఎంతో చూడండి. 10 గ్రాములు, అంతకంటే ఎక్కువ ఉంటే మంచిది. 11 ఉంటే ఇంకా మంచిది. పిండిని తడిపి పిసికినప్పుడు సాగే గుణం ఇచ్చే గ్లూటెన్ ఆ ప్రొటీన్ నుంచే వస్తుంది. ఈస్ట్ వదిలే గాలిని లోపల పట్టి ఉంచేది అదే. ప్రొటీన్ తక్కువున్న మైదా బిస్కెట్లకి, కేకులకి బాగుంటుంది గానీ బ్రెడ్ పొంగి పొంగి చివర్లో కూలబడుతుంది. కిరాణాలో విడిగా అమ్మే మైదా అయితే ప్రొటీన్ సంగతి తెలిసే దారి లేదు. వానాకాలంలో పురుగు కూడా పడుతుంది కాబట్టి జల్లించుకోవాలి.

గోధుమపిండి ఎందుకంటే రుచికి. ఒట్టి మైదా బ్రెడ్ చప్పగా ఉంటుంది. అయిదో వంతు గోధుమపిండి కలిపితే కూరకి దీటుగా నిలబడే రుచి వస్తుంది. మొత్తం గోధుమపిండితోనే చేస్తే అంత పొంగదు, ఎందుకంటే అందులోని పొట్టు గ్లూటెన్ పోగుల్ని తెంపుతూ ఉంటుంది. పైగా చక్కీలో రాళ్ల మధ్య నలిగిన పిండి నీళ్లు ఎక్కువ తాగుతుంది. సగం సగం వేసుకోవాలనుకుంటే మరో 20 - 25 మి.లీ. నీళ్లు పోసుకోండి, కాస్త బరువైన బ్రెడ్‌కి మనసు సిద్ధం చేసుకోండి.

బయటి బ్రెడ్‌లో ఏం కలుపుతారో అన్న అనుమానంతో ఇంట్లో మొదలుపెట్టిన వాళ్లు చాలామందే ఉన్నారు. పొటాషియం బ్రోమేట్ అనే పదార్థాన్ని వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లో నిషేధించింది. అంతకుముందు దాన్ని పిండి బలపడటానికి వాడేవారు. మనకి ఆ పనంతా పిసకడంతో, కాస్త ఓపికతో అయిపోతుంది.

ఈస్ట్ బతికి ఉందా?

దుకాణాల్లో రెండు రకాలు దొరుకుతాయి. సన్నటి రవ్వలా ఉండే ఇన్‌స్టంట్ ఈస్ట్‌ని నేరుగా పిండిలో కలిపేయొచ్చు. కొంచెం లావు గింజల్లా ఉండే యాక్టివ్ డ్రై ఈస్ట్‌ని మాత్రం ముందు గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టాలి. ఏది తెచ్చినా, ప్యాకెట్ విప్పాక గాలి తగలని సీసాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. మే నెలలో అల్మరాలో వదిలేసిన ప్యాకెట్ మీద ఆశ పెట్టుకోకండి.

పాతదైతే ముందే పరీక్ష చేసుకుంటే టెన్షన్ ఉండదు. అర గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర టీస్పూన్ చక్కెర, ఒక టీస్పూన్ ఈస్ట్ వేసి కలిపి పది నిమిషాలు ఆగండి. పైన నురగ మందంగా కడితే బాగున్నట్టు. బురదలా అడుక్కి దిగిపోయి ఊరుకుంటే పారేసి కొత్తది తెచ్చుకోండి. పిండంతా పాడైన తర్వాత బాధపడే కంటే ఇదే నయం. నీళ్లలో వేలు పెడితే చురుక్కుమనకూడదు. 55 - 60 డిగ్రీల వేడికి ఈస్ట్ చచ్చిపోతుంది.

నీళ్ల లెక్క

హైదరాబాద్‌లో బ్రెడ్ చేసేవాళ్లు అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఇదే. వీడియోల్లో చెప్పే "గోరువెచ్చటి నీళ్లు, గంటన్నర పొంగనివ్వండి" అన్నది చలిదేశాల మాట. ఎండాకాలం మధ్యాహ్నం మన వంటింట్లో ఆ మాట వింటే గంటన్నరకి పిండి గిన్నె దాటి, పుల్లగా కల్లు వాసన కొడుతుంది. డిసెంబరులో అదే పిండి గంటన్నరైనా కదలకుండా కూర్చుంటుంది.

కలిపిన ముద్ద వేడి 26 - 27 డిగ్రీలుంటే ఈస్ట్ తొందరపడకుండా, బద్ధకించకుండా పనిచేస్తుంది. దానికి బేకర్లు వాడే లెక్క చాలా తేలిక. 27ని మూడుతో గుణిస్తే 81. అందులోంచి గది వేడి, పిండి వేడి తీసేస్తే మిగిలినది నీళ్ల వేడి. మేలో వంటిల్లు 38, డబ్బాలో పిండి 37 అనుకోండి. 81లోంచి 75 పోతే 6. అంటే ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన నీళ్లు. డిసెంబరులో గది 21, పిండి 21 అయితే 39, అంటే గోరువెచ్చన. జులై, ఆగస్టుల్లో ఎటూ కాకుండా మామూలు నీళ్లు సరిపోతాయి. అయితే ఆ తడి గాలికి పిండి ముందే చెమ్మగా ఉంటుంది కాబట్టి 10 - 15 మి.లీ. తగ్గించి మొదలుపెట్టండి. తక్కువైతే తర్వాత చిలకరించుకోవచ్చు, ఎక్కువైతే వెనక్కి తీయలేం.

నీళ్లు ఎక్కడివన్నది కూడా కాస్త తేడా చూపిస్తుంది. బోరు నీళ్లలో ఉండే ఖనిజాలకి ముద్ద బిగుస్తుంది. ఆర్‌ఓ నీళ్లతో అదే కొలత కొంచెం జిగటగా వస్తుంది. నల్లా నీళ్లలో క్లోరిన్ వాసన గట్టిగా వచ్చిన రోజు మూత తీసి ఓ గంట వదిలేయండి. ఇంతకంటే పట్టించుకోవాల్సింది లేదు.

కలపడం, పిసకడం

వెడల్పాటి బేసిన్‌లో రెండు పిండ్లు, ఈస్ట్, చక్కెర వేసి చేత్తో కలపండి. నీళ్లన్నీ పోసి పొడి కనపడకుండా కలిపేయండి, అంతే. నునుపు కోసం ఇప్పుడే కష్టపడొద్దు. మూత పెట్టి 20 నిమిషాలు వదిలేయండి. ఆ ఇరవై నిమిషాల్లో పిండి నీళ్లు పీల్చుకుని, గ్లూటెన్ దానంతటదే అల్లుకోవడం మొదలవుతుంది. తర్వాత పిసికే శ్రమ సగానికి సగం తగ్గుతుంది.

ఇప్పుడు ఉప్పు, నూనె వేసి పిసకండి. ఉప్పు పడగానే ముద్ద కొంచెం విడిపోయినట్టు, జారినట్టు అనిపిస్తుంది. కంగారు వద్దు, రెండు నిమిషాల్లో మళ్లీ కలుస్తుంది. చపాతీ పిండిలా గుద్దడం కాదిది. గట్టు మీద వేసి, అరచేతి మడమతో ముందుకి సాగదీసి, వెనక్కి మడిచి, పావు వంతు తిప్పి, మళ్లీ సాగదీయాలి. పది, పన్నెండు నిమిషాలు పడుతుంది. మొదట్లో చేతికి, గట్టుకి అంటుకుని విసిగిస్తుంది. అక్కడే అందరూ పొడి పిండి గుప్పెళ్లతో చల్లేస్తారు. చల్లకండి. ఆ పిండంతా లోపలికి పోయి బ్రెడ్ గట్టిపడుతుంది. చేతులు కొంచెం తడి చేసుకోండి, లేదా రెండు చుక్కలు నూనె రాసుకోండి. ఏడో, ఎనిమిదో నిమిషం దగ్గర ఉన్నట్టుండి మారుతుంది: గట్టు వదిలేస్తుంది, పైన నునుపు వస్తుంది, నొక్కితే చెవితమ్మెలా మెత్తగా తగులుతుంది.

అయిందో లేదో చూసుకోవడానికి నిమ్మకాయంత ముక్క తీసి, రెండు చేతుల వేళ్లతో అన్ని వైపులా నెమ్మదిగా సాగదీసి కిటికీ వెలుగుకి అడ్డంగా పట్టుకోండి. చిరగకుండా పల్చటి పొరలా సాగి, అవతల మీ వేళ్ల నీడ కనపడిందంటే పిసకడం అయిపోయినట్టే. గోధుమపిండి పొట్టు చుక్కలు చుక్కలుగా కనపడుతుంది, అది మామూలే. ముందే చిరిగిపోతే ఇంకో మూడు నిమిషాలు పిసికి మళ్లీ చూడండి.

మొదటిసారి పొంగడం

గిన్నెకి నూనె రాసి ముద్ద పెట్టి, తడిబట్ట కానీ మూత కానీ వేయండి. కూలర్ గాలి నేరుగా తగలనివ్వొద్దు, పైన చెక్కు కడుతుంది. మేలో 40 - 50 నిమిషాలు, వానాకాలంలో గంట, చలికాలంలో గంటన్నర నుంచి రెండు గంటలు. ఇవన్నీ అంచనాలే. గడియారం కంటే గిన్నె వైపు చూడటం మేలు. గిన్నె బయట ముద్ద ఎత్తు దగ్గర స్కెచ్ పెన్‌తో గీత గీసుకుంటే రెట్టింపు అయిందో లేదో వాదన ఉండదు. స్టీలు గిన్నెకి బదులు గాజుదో, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బానో వాడటం ఇందుకే మంచిది.

చలికాలం తొందరగా కావాలంటే స్విచ్ వేయని ఓటీజీలో ముద్ద గిన్నె, పక్కన మరిగే నీళ్ల గిన్నె పెట్టి తలుపు మూసేయండి. ఎండాకాలం తొందర ఎక్కువైందనిపిస్తే ఏసీ గదిలోకి మార్చండి.

దోసెల పిండి పులిసే తీరు తెలిసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. మా అత్తయ్య జన్మలో బ్రెడ్ చేయలేదు, కానీ మూత తీసి వాసన చూసి "ఇంకో పావుగంట ఆగమ్మా" అంటే అది సరిగ్గానే ఉంటుంది.

ముద్ద చుట్టడం

పొంగిన ముద్దని గట్టు మీదకి దించి, మెల్లగా నొక్కి గాలి తీసి, రెండు భాగాలు చేయండి. ఒక్కొక్కటి సుమారు 420 గ్రాములు వస్తుంది. అంచులు నాలుగు వైపుల నుంచి మధ్యకి మడిచి, తిరగేసి, రెండు చేతుల మధ్య పెట్టుకుని గట్టు మీద గుండ్రంగా లాగుతూ తిప్పండి. పైపొర బిగుసుకోవాలి. ఈ బిగుతు లేకపోతే ఓవెన్లో పైకి లేవకుండా పక్కలకి జారి, మందపాటి రొట్టెలా పరుచుకుంటుంది. ఎనిమిది చిన్న బన్నులు చేసినా సరే, పిల్లలున్న ఇంట్లో అదే సుళువు.

బేకింగ్ పేపర్ మీద బొంబాయి రవ్వ చల్లి ముద్దలు పెట్టండి. అడుగు అంటుకోదు, కరకరలాడుతుంది కూడా. బట్ట కప్పి మళ్లీ 30 - 40 నిమిషాలు. ఎండాకాలం 25 నిమిషాలకే చూడటం మొదలుపెట్టండి. పిండి అద్దిన వేలితో అర అంగుళం నొక్కండి. గుంట వెంటనే పైకి వచ్చేస్తే ఇంకా టైముంది. నెమ్మదిగా సగమే పైకి వస్తే సిద్ధం. అస్సలు రాకపోతే ఆలస్యమైంది, మళ్లీ చుట్టి ఇరవై నిమిషాలు పొంగనివ్వండి.

ఓటీజీలో కాల్చడం

రెండోసారి పొంగుతుండగానే ఓటీజీ 220 డిగ్రీలకి పెట్టి, పైన కింద రెండు రాడ్లూ ఆన్ చేసి, 20 నిమిషాలు వేడెక్కనివ్వండి. చిన్న లైటు ఆరిపోయింది కదా అని వెంటనే పెట్టేయకండి. గాలి వేడెక్కుతుంది గానీ గోడలు వేడెక్కవు. పిడి లేని పాత ఇనుప పెనం ఇంట్లో ఉంటే కింది అరలో పెట్టి దాంతోపాటే వేడి చేయండి. పేపర్‌తో సహా ముద్దని దానిమీదకి జార్చినప్పుడు అడుగు నుంచి తగిలే వేడికి బ్రెడ్ గబుక్కున లేస్తుంది.

ఆవిరి కూడా కావాలి. అడుగున చిన్న స్టీలు గిన్నెలో మరిగే నీళ్లు పెట్టండి. మొదటి పది నిమిషాలు ఆ ఆవిరికి పైపొర మెత్తగా ఉండి, బ్రెడ్ పొంగేందుకు చోటిస్తుంది. నీళ్లు గాజు తలుపు మీద గానీ, రాడ్ల మీద గానీ చిందకుండా జాగ్రత్త, వేడి గాజు పగులుతుంది.

పెట్టే ముందు కొత్త బ్లేడుతో పైన ప్లస్ ఆకారంలో అర అంగుళం లోతు గాటు పెట్టండి. ఇది అందం కోసం అనుకునేరు. గాటు లేకపోతే బ్రెడ్ తనకిష్టమైన చోట, సాధారణంగా పక్కన, చిరుగుతుంది. 220 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు, తర్వాత నీళ్ల గిన్నె తీసేసి 200కి తగ్గించి ఇంకో 18 - 20 నిమిషాలు. బన్నులైతే 200 దగ్గర మొత్తం 18 నిమిషాలు చాలు. పై రాడ్ దగ్గరగా ఉన్న చిన్న ఓటీజీలో రంగు తొందరగా వస్తుంది. అప్పుడు పైన ఫాయిల్ వదులుగా కప్పండి, బయటికి తీయకండి. ముదురు బంగారు రంగు వచ్చి, తిరగేసి అడుగున వేలితో కొడితే బోలుగా మోగాలి. థర్మామీటర్ ఉంటే మధ్యలో 93 నుంచి 96 డిగ్రీలు చూపించాలి.

ఓటీజీ లేకపోతే

మందపాటి అడుగున్న పెద్ద గిన్నె, బిరియానీ దేగ్చా అయినా సరే. అడుగున అంగుళం మందాన ఉప్పు పోసి, స్టాండ్ పెట్టి, మూతతో మీడియం మంట మీద పది నిమిషాలు వేడి చేయండి. నూనె రాసిన గుండ్రటి టిన్నులో ఒక ముద్దే పెట్టి, స్టాండ్ మీద దించి, మూత పెట్టి, మంట కాస్త తగ్గించి 35 - 40 నిమిషాలు ఉంచండి. మధ్యలో మూత తీయొద్దు. లోపల చక్కగా ఉడుకుతుంది, పైన మాత్రం తెల్లగా ఉంటుంది. దమ్ బిరియానీకి మూత మీద నిప్పులు పెట్టేది పైనుంచి వేడి కోసమే. అపార్ట్‌మెంట్ వంటింట్లో మాత్రం నిప్పుల జోలికి పోవద్దు, తలుపులు మూసిన చోట ఆ పొగ ప్రాణం మీదకి తెస్తుంది. ఉడికాక బ్రెడ్‌ని తిరగేసి, వేడి పెనం మీద మూడు నిమిషాలు ఒత్తితే రంగు, కరకర రెండూ వస్తాయి. ఓటీజీ బ్రెడ్‌తో సమానమని చెప్పను. పాయాలో ముంచాక మాత్రం తేడా చెప్పడం కష్టం.

కోసే ముందు

వాసనకి ఇల్లంతా వచ్చి నిలబడుతుంది. అయినా జల్లెడ లాంటి స్టాండ్ మీద పెట్టి గంట ఆగాలి. లోపలి పిండి ఇంకా గట్టిపడుతూ ఉంటుంది. వేడిగా కోస్తే కత్తికి జిగురు పట్టి, ఉడకనట్టు కనపడుతుంది. రాత్రి ఎనిమిదిన్నరకి భోజనం అనుకుంటే ఎండాకాలంలో నాలుగుంపావుకి పిండి కలపాలి, చలికాలంలో మూడు లోపే. ఆఫీసు ఉన్నవాళ్లకి ఇంకో దారుంది: రాత్రి అర టీస్పూన్ ఈస్ట్‌తో, చల్లటి నీళ్లతో కలిపి పిసికి, అరగంట బయట ఉంచి ఫ్రిజ్‌లో పెట్టేయండి. మర్నాడు సాయంత్రం రాగానే తీసి, చుట్టి, గది వేడికి వచ్చి పొంగేదాకా, అంటే గంట, గంటన్నర, ఆగి కాల్చండి. నిదానంగా పులిసింది కాబట్టి రుచి నిజానికి దీనిదే ఎక్కువ.

పాయా, కీమా, దాల్చా, మిర్చీ కా సాలన్, బగారా బైంగన్: పులుపో, నూనో, మసాలానో గట్టిగా ఉన్నవన్నీ దీనికి కుదురుతాయి. శాకాహారులకి టమాటా కుర్మా, పాలకూర పప్పు బాగుంటాయి. పెరుగు పచ్చడికి మాత్రం ఇది నప్పదు, దానికి బిరియానీయే కావాలి.

తేడా ఎక్కడ వచ్చింది?

లోపల ముద్దగా, తడిగా ఉంటే కాలడం చాలలేదు, లేదా వేడిగా కోశారు. పైన పెద్ద బుడగ, కింద గట్టి పొర ఉంటే చుట్టేటప్పుడు గాలి సరిగ్గా తీయలేదు. ఓవెన్లోకి వెళ్లగానే కూలబడితే రెండోసారి ఎక్కువ పొంగింది. చప్పగా ఉంటే ఉప్పు చూసుకోండి, నూటికి తొంభై సార్లు అదే. మధ్యలో కరెంటు పోతే తలుపు తీయకుండా ఉంచండి. పది నిమిషాల్లోపు వస్తే పోయిన టైము కలుపుకుంటే చాలు.

మిగిలితే

ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆ చలికి బ్రెడ్ బయటకంటే తొందరగా బిరుసెక్కుతుంది. రెండు రోజుల్లో తినేస్తామనుకుంటే బట్టలో చుట్టి డబ్బాలో పెట్టండి. వానాకాలంలో రెండో రోజుకే బూజు చూసుకోవాలి. ఎక్కువ రోజులకైతే ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టి, కావాల్సినప్పుడు నేరుగా పెనం మీద నెయ్యితో కాల్చుకోండి. నిన్నటి ముక్కలు డబుల్ కా మీఠాకి పనికొస్తాయి: నేతిలో వేయించాక పాకం, పాలు పీల్చుకుని కూడా ఆకారం చెడవు. బ్రెడ్‌లో తీపి తక్కువ కాబట్టి పాకం కొంచెం చిక్కగా పట్టుకోండి. చివరి అంచు ముక్కలు ఎండలో పెట్టి మిక్సీలో వేసుకుంటే కట్లెట్ల మీదకి పొడి కొనక్కర్లేదు.